కాటన్‌పేట లెక్కలను బయటికి తీసిన ఫర్హానా

బొమ్మనహళ్ళిలో హోసూరు రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక సందులో, కుట్టుమిషన్లు బాగుచేసే అంగడికీ జాకెట్లు కుట్టే అంగడికీ నడుమ, మేడమెట్ల కింద మిగిలిన చోటులో ఫర్హానా గారి కంప్యూటర్ మరమ్మతు అంగడి ఉంది. వెడల్పు ఆరడుగులకు మించదు. ఒక మాదిరి పొడవున్న మనిషి లోపలికి వెళ్ళాలంటే తల వంచక తప్పదు. బోర్డు మీద కన్నడంలో ఒక వరుస, ఇంగ్లీషులో ఒక వరుస ఉన్నాయి. తెలుగు లేదు. అయితే అక్కడికి వచ్చేవారిలో సగం మందితో ఆమె మాట్లాడేది తెలుగే, అదీ కదిరి తెలుగు.

ఫర్హానా గారికి ఇప్పుడు ముప్పై ఏడు సంవత్సరాలు. తండ్రిగారు కదిరిలో బోరు మోటార్లకు వైండింగు చుట్టేవారు. బోర్లలో నీళ్ళు ఇంకిపోయిన తరువాత కాలిపోయే మోటార్లు కూడా లేకుండా పోయాయి. కుటుంబం బెంగళూరు చేరింది. పదో తరగతి ముగించిన ఫర్హానా గారు హెబ్బగోడిలో ఎలక్ట్రానిక్ బోర్డులు తయారుచేసే ఒక కార్ఖానాలో చేరి, భూతద్దం కింద సోల్డరింగ్ చేస్తూ తొమ్మిది సంవత్సరాలు గడిపారు. ఆ కార్ఖానా మూతపడిన నాటికి ఆమెకు వచ్చిన పని అదొక్కటే. ఆ ఒక్క పనినే ఆసరాగా చేసుకొని, మొదట మరొకరి ఫోన్ల అంగడిలో కూర్చుని, తరువాత ఈ మెట్ల కిందకు వచ్చారు.

ఆమెను గురించి నేను రాయడానికి కారణం ఒకటుంది. నిరుడు దసరాకూ దీపావళికీ మధ్య ఆమె చేసిన ఒక పనిని మొదటి నుంచి చివరి వరకు చూసే అవకాశం నాకు కలిగింది. చూసినదానికీ విన్నదానికీ మించి ఇందులో ఏదీ చేర్చలేదు.

కాటన్‌పేటలో మునిరాజు గారికి గోనెసంచులు, తాళ్ళు టోకున అమ్మే అంగడి ఉంది. తాతల నాడు రాయలసీమ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆ అంగడిలో ముప్పై నాలుగు సంవత్సరాలుగా లెక్కలు రాస్తున్నవారు వెంకటేశప్ప గారు. వయసు అరవై ఏడు. దీపావళి పాడ్యమి నాడు ఆయన గద్దె దిగడానికి, స్వప్న అనే అమ్మాయి ఆ స్థానంలో కూర్చోవడానికి నిశ్చయమైంది. అప్పగింత పత్రం తయారుచేసే బాధ్యతను, వర్తక సంఘం ఉత్తరాలు రాసే నాకు అప్పగించారు.

ఆ అంగడిలో మూడు తరాలుగా ఒక పద్ధతి ఉంది. గుమాస్తా గద్దె దిగేటప్పుడు తాను రాసిన పుస్తకాలన్నీ యజమాని ఎదుట ఉంచాలి. ఒక్కొక్క పుస్తకంలో మొదటి పంక్తి, చివరి పంక్తి తానే బిగ్గరగా చదవాలి. అన్నీ విన్న తరువాత యజమాని "లెక్క చేరింది" అనాలి. ఆ మాట అయ్యాకే గుమాస్తా గద్దె మీది నుంచి లేస్తాడు. మునిరాజు గారి తాతగారి కాలంలో ఒక గుమాస్తా ఈ అప్పగింత లేకుండా వెళ్ళిపోయాడట. ఆయన పేరు ఈనాడు ఎవరికీ జ్ఞాపకం లేదు గాని, "లెక్క ఇయ్యక పోయినోడు" అని మాత్రం ఆ వీధిలో నేటికీ అంటారు.

కాగితపు పుస్తకాలన్నీ బీరువాలో భద్రంగా ఉన్నాయి. రెండువేల పన్నెండు నుంచి మాత్రం లెక్కలు కంప్యూటర్‌లో ఉన్నాయి. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒకే పుస్తకాన్ని ఏటేటా కొనసాగించవచ్చునని ఎందరు చెప్పినా వెంకటేశప్ప గారు అంగీకరించలేదు. ఉగాదికి పాత పుస్తకం మూసి, కొత్త పుస్తకం తెరిచి, మొదటి పంక్తిలో లక్ష్మీదేవి పేరు రాయడం ఆయనకు అలవాటు. ఆ విధంగా యంత్రంలో పద్నాలుగు పుస్తకాలు తయారయ్యాయి.

మహర్నవమి నాడు ఆయుధపూజ జరిగింది. తూకపు యంత్రం, గోనెలు కుట్టే సూదులు, సరుకు ఆటో, వాటితోపాటు కంప్యూటర్ కూడా పూజ అందుకొన్నాయి. విజయదశమి సెలవు గడిచి అంగడి తెరిచిన ఉదయం కంప్యూటర్ పనిచేయలేదు. ఇంకో రెండు రోజులు గడిచాక, ఎవరో ఫర్హానా గారి పేరు చెప్పగా, వెంకటేశప్ప గారు ఆ పెట్టెను దుప్పటిలో చుట్టి ఆటోలో బొమ్మనహళ్ళికి తీసుకువెళ్ళారు. తోడు రమ్మన్నందున నేనూ వెళ్ళాను.

ఫర్హానా గారు పెట్టెను ముట్టుకోలేదు. ముందు ఒక నోటు పుస్తకం తీశారు.

"ఎప్పుడు ఆగింది పెదనాయనా?"

"శుక్రవారమమ్మా."

"ఆగకముందు ఏమన్నా అయిందా?"

"వోల్టేజి. మా వీధిలో కరెంటు కుదురుగా ఉండదు."

"సరే, వోల్టేజి. ఆగినాక మీరేం చేసినారు?"

"ఏమీ చేయలేదు. అట్లే పెట్టినాము."

ఆమె ఆ మూడు జవాబులూ రాసి, బిగ్గరగా చదివి వినిపించి, కింద సంతకం చేయమన్నారు. వెంకటేశప్ప గారు కలం అందుకొని కొంతసేపు ఆ కాగితం వైపే చూసి సంతకం చేశారు. అటువంటి సంతకం ఆయన ముప్పై నాలుగు సంవత్సరాలలో చేసి ఉండరని నాకు తరువాత తెలిసింది.

"ఇంకో కాపీ యాడన్నా పెట్టినారా?" అని ఆమె అడిగారు.

ఆయన ముఖం కొంత వికసించింది. జేబులో నుంచి పసుపుగుడ్డ మూట తీసి విప్పారు. అందులో ఒక పెన్‌డ్రైవ్ ఉంది. కొనకంతా కుంకుమ పేరుకొని ఉంది.

"ప్రతి ఉగాదికీ దీన్ని దేవునింట్లో పెట్టి పూజ చేస్తానమ్మా. ఒక్క ఏడు కూడా తప్పలేదు."

ఆమె కుంకుమను సూదితో తీసి, శుభ్రపరచి, తన యంత్రానికి తగిలించి చూశారు. అందులో మొదటి సంవత్సరం పుస్తకం ఒక్కటే ఉంది.

"పూజ ప్రతి ఏడూ చేసినారు, కాపీ మాత్రం ఒక్క ఏడే చేసినారు కదా పెదనాయనా."

ఆయన పసుపుగుడ్డను మడిచి జేబులో పెట్టుకొన్నారు.

తరువాత ఆమె పెట్టె మూత విప్పారు. చాలామంది మరమ్మతుదారులు ముందుగా కరెంటు ఇచ్చి చూస్తారు. ఆమె ఆ పని చేయరు. ఫ్యాను రెక్కలకు విభూతి అట్టకట్టి ఉంది. లెక్కలు దాగి ఉండే హార్డ్ డిస్కును బయటికి తీసి, దాని వెనుక ఉన్న పలుచని బోర్డు మరలు విప్పి, భూతద్దం కింద పెట్టారు. బోర్డు లోపలివైపంతా పసుపుపచ్చగా ఉంది.

"వోల్టేజి పచ్చగా ఉంటుందా పెదనాయనా?"

అదే సమయానికి ఎదుటి టిఫిను బండి రామక్క టీ గ్లాసులు తెచ్చింది. ఆమె మెడ లోపలికి చాచి చూసి, "అయ్యో, చిత్రాన్నం కలిపినట్టుండాది కదమ్మే ఫర్హానా! నిమ్మకాయ ఒకటి తక్కువ" అంది.

"నిమ్మకాయ కూడా ఉండాదక్కా. చక్రం కింద పెట్టినారేమో అడుగు" అన్నారు ఫర్హానా గారు, తల ఎత్తకుండానే.

వెంకటేశప్ప గారు అప్పుడు చెప్పారు. పసుపునీళ్ళు చల్లినది తానే. అంగడిలో అందరికంటే ఎక్కువ కష్టపడేది ఈ పెట్టేనన్న అభిమానంతో, దాని మీద కొంచెం ఎక్కువ చల్లారు.

"కొంచెమంటే?"

"కొంచెమే."

"మామిడాకుతో చల్లినారా, చెంబుతో పోసినారా?"

"చెంబు వంగిందమ్మా."

"ఆగినాక?"

ఆగిన తరువాత ఆయన పెట్టెను మిద్దె మీద వడియాల పక్కన ఒక పూట ఎండబెట్టారు. కిందికి తెచ్చి ఏడుసార్లు స్విచ్చి వేసి చూశారు.

ఫర్హానా గారు కోపగించుకోలేదు. నోటు పుస్తకంలో పాత పంక్తులను కొట్టివేసి, కొత్తగా రాసి, తిరిగి సంతకం అడిగారు. "నేను గూడా మీ మాట నమ్మి ఎనిమిదోసారి స్విచ్చి ఏసింటే, బోర్డొకటే పోయేది కాదు, లోపల లెక్కలుండే ప్లేటే గీసుకుపోయేది. అప్పుడు ఎవరొచ్చినా ఏమీ చేయలేరు" అని మాత్రం అన్నారు.

"వస్తుందా అమ్మా?" అని వెంకటేశప్ప గారు అడిగారు. "పాడ్యమికి నేను దిగల్ల. పుస్తకాలు లేకుండా ఎట్ల దిగేది? ఆడిటరు దగ్గర కాగితాలుండాయి, అంగడికేమీ నష్టం లేదంటాడు మునిరాజప్ప. అంగడికి లేదు. నాకుండాది."

"తెచ్చేంతవరకు తెచ్చినాననను పెదనాయనా. పొండి, ఫోన్ చేస్తాను."

ఆమెలో లోపం ఒకటుందని ఇక్కడ చెప్పడం న్యాయం. చెప్పిన రోజుకు ఇవ్వరు, ఫోన్ ఎత్తరు, పనిలో ఉండగా ఎవరు మాట్లాడినా బయటికి పంపుతారు. నాలుగు రోజుల పాటు వెంకటేశప్ప గారికి నిద్ర లేదు. ఆ నాలుగు రోజులూ ఆమె ఎస్.పి. రోడ్డులో పాత సామాన్ల అంగళ్ళన్నీ తిరిగి, అదే నమూనా, అదే సంఖ్య గల మరొక డిస్కు కోసం వెతికారని తరువాత తెలిసింది. చివరికి ఒక గోనె అడుగున దొరికింది.

బోర్డు మార్చిన రోజున మేము అక్కడే ఉన్నాము. బోర్డు మార్చినంత మాత్రాన డిస్కు నడవదని ఆమె చెప్పారు. ప్రతి బోర్డు మీదా బియ్యపు గింజంత చిప్పు ఒకటి, ఎనిమిది కాళ్ళతో ఉంటుంది. ఆ డిస్కుకు మాత్రమే చెందిన గుర్తులు అందులో ఉంటాయి. కాలిన బోర్డు మీది నుంచి దానిని చెక్కుచెదరకుండా తీసి, కొత్త బోర్డు మీద అదే స్థానంలో అతికించాలి. వేడి ఎక్కువైతే చిప్పు మాడిపోతుంది, తక్కువైతే కాలు విరుగుతుంది.

ఆమె ఫ్యాను ఆపివేశారు. మోచేతులు బల్ల మీద ఆనించారు. ఎనిమిది కాళ్ళనూ వదిలించడానికి పట్టిన సమయంలో, బయట జాకెట్ల అంగడిలో ఒక మిషను పూర్తి కుట్టు ముగించి ఆగింది. తొమ్మిది సంవత్సరాలు రోజుకు మూడువందల బోర్డుల చొప్పున చేసిన చేతులవి. కొత్త బోర్డు మీద చిప్పును ఉంచి, చివరి కాలు అతికించిన తరువాత కూడా ఆమె నవ్వలేదు. మరలు బిగించి, మొట్టమొదటిసారిగా కరెంటు ఇచ్చారు.

డిస్కు తిరిగింది. ఆ శబ్దం వినగానే వెంకటేశప్ప గారు చేతులు జోడించారు.

"ఇంకా లేదు పెదనాయనా. కీచుమంటాంది చూడండి. ముసలిదైంది, మీరు ఏడుసార్లు లేపినారు. ఎక్కువ సేపు తిరగదు. ముందు ముఖ్యమైనది తీసుకోవల్ల. లెక్కలు యాడుండాయి?"

"సాఫ్ట్‌వేరు ఎక్కడ పెట్టుకుంటే అక్కడే. పద్నాలుగూ ఒకే చోట."

"డి డ్రైవులో?"

"అంగడి వాళ్ళు తిరుపతికి పోయిన ఫోటోలు."

ఆమె ఆ మాట ప్రకారమే డి జోలికి పోలేదు. అరగంట నడిపి, అరగంట ఆపి, డిస్కు చల్లారనిచ్చి, మళ్ళీ నడిపారు. ఈ విధంగా రెండు పగళ్ళు పట్టింది. లెక్కల ఫోల్డర్లను తన దగ్గరున్న మంచి డిస్కులోకి ఒక్కొక్కటిగా తెచ్చారు. సాఫ్ట్‌వేర్ వాటికి పేర్లు పెట్టదు, అంకెలే పెడుతుంది. అంకెను బట్టి ఏ సంవత్సరమో తెలియదు గనుక, ఒక్కొక్కటీ తెరిచి చూడవలసి వచ్చింది.

మూడవ రోజు ఆమే ఫోన్ చేశారు. మేము వెళ్ళాము.

"పదమూడు బాగుండాయి. రెండువేల ఇరవై పుస్తకం ఖాళీ. తెరిస్తే పేరూ ఏడూ ఉండాయి, లోపల ఒక్క పంక్తి లేదు."

వెంకటేశప్ప గారు గోడకు ఆనుకొన్నారు. మునిరాజు గారికి ఫోన్ చేసి సంగతి చెప్పారు. ఫోనులో ఆయన మాట మాకూ వినిపించింది.

"పదమూడు వచ్చె కదప్పా. చాలు లే. కరోనా ఏడు యాపారం మాత్రం ఏముండె? ఒకటి పోతే పోనీ."

"పదమూడిచ్చి దిగితే, ఒకటి తినేసినాడంటారప్పా."

"ఎవరంటారు?"

"వీధి అంటుంది. నీ మనవడు పుట్టినాక వానికీ చెప్తుంది."

ఫోన్ పెట్టివేశాక ఫర్హానా గారు స్టూలు ముందుకు జరుపుకొన్నారు.

"పెదనాయనా, ఈ డిస్కు ఇంకొకసారి తిరుగుతాది. రెండోసారి నేను చెప్పలేను. అంతా వెతుకుతా పోతే మధ్యలో ఆగిపోతాది. యాడుండాదో తెలిస్తే నేరుగా పోయి, అదొక్కటే ఎత్తుకొని వస్తాను. ఆ ఏడు మీరేం చేసినారు? ఉండేది ఉన్నట్టు చెప్పండి. ఈసారి వోల్టేజి వద్దు."

ఆయన నా వైపు చూశారు. నేను బయట నిలబడతానన్నాను. వద్దన్నారు. "నువ్వూ విను. పత్రం రాసేవాడివి" అని మొదలుపెట్టారు.

"ఆ ఏడు ఉగాది పొద్దుననే కదమ్మా అన్నీ మూసేసిరి. ఇంట్లో నుంచి కాలు బయట పెట్టేకి లేదు. మే నెలలో అంగడి తీస్తిమి. కొత్త పుస్తకం తెరవల్ల. ఉగాదికి తెరవాల్సిన పుస్తకాన్ని మే నెలలో ఎట్ల తెరిచేది? అందుకని కంప్యూటర్ తేదీని వెనక్కి తిప్పితిని. ఉగాది నాటికి తెచ్చి, టెంకాయ కొట్టి, అప్పుడు తెరిస్తిని."

టీ గ్లాసులు తీసుకుపోవడానికి వచ్చిన రామక్క గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏమప్పా, పోయిన పండగను వెనక్కి పిలుచుకుంటివా? మా ఇంట్లో ఒబ్బట్లు గూడా చేసుకోలేదు ఆ ఏడు. నన్నూ పిలవాల్సింది."

"సుమ్మనే ఉండక్కా, ఆయప్పను చెప్పనీ" అన్నారు ఫర్హానా గారు. ఆమె నవ్వలేదు. "అది ఒప్పుకునెనా పెదనాయనా?"

"ఒప్పుకోలేదు. ఏమో ఎర్ర అక్షరాలు ఏసె. సాఫ్ట్‌వేరు అమ్మిన మనిషికి ఫోన్ చేస్తే, తేదీ సరిచేయమని, ఫోనులోనే వేరే పుస్తకం తెరిపించె. అది ముహూర్తం లేని పుస్తకం. దాంట్లో నేను ఒక్క అక్షరం రాయలేదమ్మా. ఉగాది పుస్తకాన్నే ఎత్తి వేరే చోట పెట్టి, ఏడాదంతా దాంట్లోనే రాస్తిని. ఎవరికీ చెప్పలేదు. తేదీ మార్చినానంటే లెక్క మార్చినాననుకుంటారని."

"వేరే చోటంటే?"

"డి డ్రైవులో. ఫోటోల కింద. పంచాంగం అని పేరు పెట్టినాను."

ఫర్హానా గారు దానిని కూడా నోటు పుస్తకంలో రాసుకొన్నారు. "ముందే చెప్పింటే మొదటి రోజే వచ్చేది" అని అనలేదు. అనడానికి ఆమెకు పూర్తి హక్కు ఉన్నది. సంతకం మాత్రం చేయించుకొన్నారు. ఈసారి వెంకటేశప్ప గారి కలం ఆగలేదు.

మరునాడు ఉదయం పదకొండు గంటలకు డిస్కును ఆఖరిసారి నడిపారు. కరెంటు పోయినా ఇబ్బంది లేకుండా బ్యాటరీ పెట్టారు. తలుపు సగం మూశారు. తెర మీద డి డ్రైవు కనిపించింది. ఫోటోలను తెరవనైనా తెరవక, పంచాంగం అన్న ఫోల్డర్ ఒక్కదానినే పట్టుకొని మంచి డిస్కులోకి పంపారు. సగం దాటిన తరువాత కీచు శబ్దం మారి, టక్కు టక్కుమని కొట్టుకోసాగింది. వెంకటేశప్ప గారు "ఆపమ్మా" అన్నారు. ఆమె ఆపలేదు. డిస్కు మీద అరచేయి ఉంచి, వేడి చూస్తూ, తెర మీది గీతను చూస్తూ కూర్చున్నారు. ఆపితే మళ్ళీ లేవదని ఆమెకు తెలుసు. గీత చివరికి చేరింది. ఆ తరువాత డిస్కు మూడుసార్లు గట్టిగా కొట్టుకొని ఆగిపోయింది. మళ్ళీ తిరగలేదు.

"పాపం, చేయాల్సింది చేసి పోయింది" అన్నారు ఫర్హానా గారు. అప్పుడు నవ్వారు.

పుస్తకాలను మునిరాజు గారు కొన్న కొత్త కంప్యూటర్‌లోకి మార్చడం మిగిలింది. కొత్త సాఫ్ట్‌వేర్ పాత లెక్కలను తన పద్ధతిలోకి మార్చుకొంటుంది. ఒకసారి మార్చాక వెనక్కి రాదు. అందువల్ల ఆమె పద్నాలుగు ఫోల్డర్లకూ ముట్టని ప్రతి ఒకటి వేరే డిస్కులో తీసి, దాని మీద తేదీ వేసి పక్కన పెట్టారు. తరువాతనే మార్పిడి చేశారు. ప్రతి పుస్తకాన్నీ వెంకటేశప్ప గారి చేతనే తెరిపించారు. ఆయన చూసి సరి అనేదాకా రెండవదానిని ముట్టుకోలేదు.

చివరికి రసీదు రాసే సమయం వచ్చింది. ఆమె ఇచ్చే రసీదులో "చెడిపోవడానికి కారణం" అని ఒక గడి ఉంటుంది. వెంకటేశప్ప గారు గొంతు తగ్గించి అడిగారు.

"అమ్మా, ఆ గడిలో వోల్టేజి అని రాయకూడదా? రసీదు మునిరాజప్ప చేతికి పోతుంది."

"రాయను పెదనాయనా."

ఆమె కలం కింద పెట్టి ఒక సంగతి చెప్పారు. హెబ్బగోడి కార్ఖానాలో ఉన్న కాలంలో, ఒక రోజు మూడువందల బోర్డులనూ పరీక్షించినట్టు సంతకం చేయమని మేస్త్రీ కాగితం పెట్టాడు. పరీక్షించినవి ఇరవై మాత్రమే. ఆమె సంతకం చేశారు. బోర్డులు చెడి తిరిగి వచ్చినప్పుడు, కాగితం ప్రకారం అన్నీ పరీక్షించినవే గనుక, తప్పు పరీక్ష బల్ల దగ్గర కూర్చున్న మమత అనే అమ్మాయి మీద పడింది. ఆ అమ్మాయి పని పోయింది.

"నా సంతకమే కదా ఆ కాగితం మీద ఉండింది. మమత మరుసటి రోజు టిఫిన్ డబ్బా తీసుకొని పోతా నన్ను ఒక్క మాట అనలేదు. అప్పటి నుంచి కాని దాన్ని అయినట్టు రాసేకి నాకు చెయ్యి రాదు. పూజలో నీళ్ళు పడి బోర్డు కాలింది, అంతవరకు రాస్తాను. ఎవరు పోసినారో ఆ గడిలో లేదు. అది మీరు చెప్పుకోవాల్సింది."

రాత పనిలో నలభై సంవత్సరాలు గడిపినవాడిని. ఒక గడిని ఇంత గౌరవించిన మనిషిని నేను ఎక్కువగా చూడలేదు.

పాడ్యమి ఉదయం కాటన్‌పేట అంగడిలో అందరమూ చేరాము. కొత్త యంత్రం సరిగా నడుస్తున్నదీ లేనిదీ చూడడానికి ఫర్హానా గారూ వచ్చి గోనెల కట్ట మీద కూర్చున్నారు. స్వప్న నోటు పుస్తకంతో సిద్ధంగా ఉంది. చదవడం మొదలుపెట్టక మునుపే వెంకటేశప్ప గారు రసీదును మునిరాజు గారి చేతిలో పెట్టారు.

"పసుపునీళ్ళు పోసింది నేనేనప్పా. వోల్టేజి అని నీతో అబద్ధమాడినాను."

మునిరాజు గారు రసీదు చదివి, ఆయన వైపు చూసి, పెద్దగా నవ్వారు.

"ఇంకొంచెం చల్లప్పా, పెట్టె పొడిగానే ఉండాది అన్నది ఎవరు? నేను కాదా? నీ చేతిలో చెంబు వంగినట్టు నాకేం కనపడలేదా? మూడు వారాలుగా నేనూ భయంతో నోరు మూసుకొని ఉండాను."

"మీరిద్దరూ కలిసి నాకు చెప్పింటే ఒక పని తగ్గుండె" అన్నారు ఫర్హానా గారు.

చదవడం మొదలైంది. ఒక్కొక్క సంవత్సరం తెర మీద తెరుచుకొంది. వెంకటేశప్ప గారు మొదటి పంక్తి చదివారు, చివరి పంక్తి చదివారు, స్వప్న గీత గీసింది. తొమ్మిదవ పుస్తకం రెండువేల ఇరవైది. ఆయన చదివారు. "మార్చి ఇరవై అయిదు, ఉగాది. శ్రీ మహాలక్ష్మి."

స్వప్న తల ఎత్తింది. "సార్, ఆ రోజు లాక్‌డౌన్ కదా? షాపు క్లోజ్ ఉండింది కదా?"

"మూసే ఉండెనమ్మా. ఈ పంక్తి నేను మే నెలలో రాసినాను. తేదీ మార్చి రాసినాను. మిగిలిన పంక్తులన్నీ వాటి వాటి దినాల్లో రాసినవే. నువ్వు కూర్చున్నాక ఎవరన్నా అడిగితే, ఇట్లే చెప్పు."

మునిరాజు గారు నా వైపు తిరిగి, ఆ మాటను అప్పగింత పత్రంలో చేర్చమన్నారు. చేర్చాను.

పద్నాలుగవ పుస్తకం చివరి పంక్తి ముగిసే సరికి పదకొండున్నర అయింది. మునిరాజు గారు లేచి నిలబడి, "లెక్క చేరింది" అన్నారు. వెంకటేశప్ప గారు లేవబోయారు. దగ్గరగా ఉన్న ఫర్హానా గారు చేయి అందించారు. స్వప్న ఆ స్థానంలో కూర్చుంది. భోజనం చేసి వెళ్ళమని ఎంత చెప్పినా ఫర్హానా గారు వినలేదు. బొమ్మనహళ్ళిలో మరొకరి యంత్రం విప్పి పెట్టి వచ్చారట. వెంకటేశప్ప గారు ఆమెను బస్సు దాకా సాగనంపుతానని చెప్పులు వేసుకొన్నారు.

వీధిలో మూటలు దించుతున్న హమాలీ ఆవులప్ప ఆయనను చూసి, తలమీది గుడ్డ తీసి కేకవేశాడు.

"ఏమప్పా, దిగితివా?"

"దిగితిని ఆవులప్పా" అన్నారు వెంకటేశప్ప గారు, వీధి మొత్తానికీ వినిపించేటట్లు. "లెక్క ఇచ్చి దిగితిని."